ఇంట్లో రేడియేషన్ మీటర్ ఎక్కువ చూపిస్తోందని ఫ్లాట్ అమ్మేయాలా?

మీటర్ ప్రకాశం బ్యారేజీ మీద గంటకి 0.09, మీ హాల్లో 0.18 మైక్రోసీవర్ట్ (ఒంటికి తగిలే రేడియేషన్ కొలత) చూపించింది, ఫ్లైయాష్ ఇటుకలు, గ్రానైట్, ఇంట్లో చంటిపిల్ల ఉంది, ఫ్లాట్ అమ్మేయాలా అన్నారు కదా, అస్సలొద్దండి.

నేను బెజవాడలో అపార్ట్‌మెంట్ సైట్లు చూస్తుంటా, ఫ్రెండ్ దగ్గర మీటర్ తీసుకుని చాలా ఇళ్ళల్లో పెట్టి చూశా, దాదాపు మీకొచ్చినట్టే వస్తుంది. బ్యారేజీ మీద తక్కువెందుకంటే కిందంతా నీళ్ళు, నేల నుంచొచ్చే గామా కిరణాల్ని (మీ మీటర్ కొలిచేది వీటినే) ఆపేస్తాయి. ఇంట్లో అయితే పైన స్లాబు, కింద ఫ్లోరు, చుట్టూ గోడలు, అన్నిట్లోనూ రేడియేషన్ ఇచ్చే యురేనియం, థోరియం, పొటాషియం-40 కొద్దికొద్దిగా ఉంటాయి. ప్రపంచ సగటు చూసినా ఇంటి లోపల గామా బయటకంటే 1.4 రెట్లు. ఫ్లైయాష్ అంటే మన ఇబ్రహీంపట్నం థర్మల్‌లో వచ్చే బూడిద లాంటిదే, బొగ్గు కాలిపోయినా రేడియం బూడిదలోనే మిగిలిపోద్ది, అందుకే మామూలు మట్టికంటే కాస్త ఎక్కువుంటుంది.

గ్రానైట్ అంతా ఒకటి కాదండి. ఒక ఇంట్లో వంటగట్టుకి చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ, మెట్లకి ఎర్ర గ్రానైట్ వేశారు. మీటర్ వంటగట్టు మీద పెడితే తగ్గింది, మెట్ల మీద పెడితే పెరిగింది, ఎందుకంటే ఆ నల్లరాయి గాబ్రో జాతి, దాంట్లో పొటాషియం, థోరియం తక్కువ. మీరూ పెట్టి చూడండి, కానీ ఒక్క నిమిషం చూసి రాసుకోవద్దు, అంకె ఊరికే ఎగిరి పడుతుంటుంది, పావుగంట వదిలేసి యావరేజ్ తీసుకోండి.

బ్యారేజీకి, మీ హాల్‌కి ఉన్న ఆ 0.09 తేడా ఏడాదంతా గడప దాటకుండా కూర్చున్నా 0.8 మిల్లీసీవర్టే (వెయ్యి మైక్రోలు ఒక మిల్లీ). ఛాతీ సీటీ ఒక్కసారి తీయిస్తేనే 6, 7 దాకా ఉంటుంది.

నిజంగా పట్టించుకోవాల్సింది రేడాన్, అంటే నేలలోని యురేనియం నుంచి పుట్టే రేడియోధార్మిక వాయువు. మనిషికి ప్రకృతి నుంచి ఏడాదికొచ్చే 2.4 మిల్లీసీవర్ట్‌లో సగం దానిదే, మీ మీటర్ దాన్ని పట్టుకోలేదు. ఎక్కువగా నేలలోంచి వస్తుంది కాబట్టి పై అంతస్తుల్లో తక్కువ, గ్రౌండ్ ఫ్లోర్లో, సెల్లార్లో ఎక్కువ. మన ఎండలకి ఏసీ వేసి కిటికీలు రోజంతా మూసేస్తాం చూడండి, అక్కడే పేరుకుంటుంది. పిల్ల పడుకునే గది కిటికీలు పొద్దునా సాయంత్రం తెరిచి గాలి ఆడనివ్వండి, బాత్రూం ఎగ్జాస్ట్ వేసినా కిటికీ కొంచెం తెరిచే ఉంచండి, లేకపోతే ఆ ఫ్యాన్ నేల పగుళ్ళలోంచి కూడా గాలి లాగుద్ది. గ్రౌండ్ ఫ్లోరైతే మాత్రం రేడాన్ డిటెక్టర్ మూడు నెలలు పెట్టించండి, క్యూబిక్ మీటర్ గాలికి 100 బెక్యూరెల్ (రేడియోధార్మికత కొలత) లోపుంటే బానే ఉన్నట్టు, 300 దాటితే నేల పగుళ్ళు, పైపుల చుట్టూ సందులు పూడ్పించాలి.