సీసా మూత తీసే ముందు

బుజ్జీ,

పంది ఎముక మజ్జ కణాల మీద ఎరిత్రోపోయిటిన్‌తో, అదే కిడ్నీల్లో తయారై ఎర్ర రక్తకణాల్ని పెంచే హార్మోనుతో, పని మొదలుపెడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పేరు నోరు తిరగక "ఏదో పందుల మందంట అక్కా" అంది. నవ్వుకున్నాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మన ఇంట్లో ఇంకొకత్తె ఈ పనిలోకి వస్తోందని గర్వం, నాలా ఏం చేస్తావోనని బెంగ.

తేలికవి ముందు. మూత తీసేముందు హార్మోను సీసాను సెంట్రిఫ్యూజ్‌లో, అదే గిర్రున తిప్పే యంత్రంలో, ఒక తిప్పు తిప్పు. పొడి కంటికి ఆనదు, మూతకు అంటుకుని ఉంటుంది. కరిగించాక కొంచెం కొంచెంగా పంచి ఫ్రీజర్లో పెట్టు. ఒకసారి కరిగినదాన్ని మళ్ళీ గడ్డకట్టించకు. ఈకోలై అనే బాక్టీరియాలో చేసిందో, క్షీరద కణాల్లో చేసిందో కాగితంలో చూడు. ఈకోలైదానికి హార్మోనుకు అతికి ఉండాల్సిన చక్కెర గొలుసులుండవు. ప్లేటులో పనిచేస్తుంది గానీ జంతువుకు ఎక్కిస్తే రక్తంలో నిలవదు.

ఇక నా నిర్వాకం విను. తొంభైల్లో మేం మనిషి ఎరిత్రోపోయిటిన్‌నే ఎలుక మజ్జ మీద వాడేవాళ్ళం. సీసా విదేశం నుంచి వచ్చి, కస్టమ్స్ దాటి చేతికందేసరికి నెలలు పట్టేది. పొదుపు చేద్దామని ఉన్నదాంట్లో చాలావరకు ఒకేసారి పలచన చేసి పెట్టాను. వట్టి సెలైన్‌లో, ప్లాస్టిక్ గొట్టాల్లో. ఆల్బుమిన్ అనే ప్రోటీన్ కలిపితే ప్రయోగం కల్తీ అవుతుందని నా అతితెలివి. మొదటి వారం గంజిలాంటి మిథైల్ సెల్యులోజ్‌లో ఎర్రకణాల కాలనీలు ఇటుకరంగు గుత్తుల్లా ముచ్చటగా కనిపించాయి. రెండో వారానికి సగమయ్యాయి. నెల తిరిగేసరికి ప్లేట్లు ఖాళీ.

మజ్జ తీసేది కొత్తగా చేరిన కుర్రాడు. "కణాల్ని నువ్వే చంపేస్తున్నావు" అని అందరి ముందూ కేకలేశాను. మారు మాట్లాడలేదు. మర్నాటి నుంచి తెల్లారి ఆరింటికే వచ్చి, వేళ్ళు కొంకర్లు పోయేదాకా ఐసులో చేతులు పెట్టి పనిచేసేవాడు. అయినా ఖాళీయే. చివరికి అతనే, అసలు సీసా అడుగున మిగిలిన చుక్కను ఆల్బుమిన్ కలిపి పలచన చేసి, నా గొట్టం పక్కన పెట్టి చూశాడు. అతని ప్లేటు నిండా కాలనీలు! అంత పలచన మోతాదులో హార్మోను గొట్టం గోడలకు అతుక్కుపోతుందే. రెండు నెలలు నేను కణాలకు పోసింది ఉప్పునీళ్ళు. 1977లో గోల్డ్‌వాసర్, మియాకే అనే శాస్త్రవేత్తలు 2,550 లీటర్ల మనుషుల మూత్రం వడగట్టి కొద్ది మిల్లీగ్రాములు తీసిన సరుకమ్మా అది. నేను గోడలకు పూశాను.

అందుకని 0.1 శాతం ఆల్బుమిన్ కలుపు. హార్మోను వెయ్యని ప్లేటొకటి, పనిచేస్తుందని తెలిసిన సీసాది ఒకటి ఎప్పుడూ పక్కన ఉండాలి. సరిగ్గా తిను కూడా, గొంతు నీరసంగా ఉందంటోంది మీ అమ్మ.

ఇనుము మర్చిపోకు, అది లేకపోతే హార్మోను ఉన్నా రక్తం పట్టదు. పందిపిల్ల ఒంట్లో పుట్టేటప్పుడు సుమారు 50 మిల్లీగ్రాములే ఉంటుంది. రోజుకు 7 కావాలి, తల్లిపాలలో వచ్చేది ఒకటి. అందుకే మూడో రోజుకల్లా ఇనుము సూది వేస్తారు. మజ్జ తెచ్చిన పిల్లకు ఆ సూది పడిందో లేదో రాసుకో.

ఇంకొకటి, నవ్వకు. కిడ్నీ రోగులకు రక్తం పట్టడానికి మనిషి హార్మోనునే ఇంజెక్షన్‌గా ఇస్తారు గదా, అందుకని ఇంట్లో కిడ్నీ రోగి ఉన్నవాళ్ళెవరైనా ఆ సీసా అడిగితే ఇవ్వకు. పంది హార్మోను మనిషికి పరాయిది. ఒంట్లో యాంటీబాడీలు పుట్టి సొంత హార్మోనును కూడా పట్టుకుంటే ఉన్న రక్తమూ పోతుంది; మనిషి హార్మోను ఇచ్చిన కుక్కల్లో, పిల్లుల్లో అదే జరిగింది. మీ పెదనాన్న డయాలసిస్ రోజుల్లో, ఆ నెల ఇంజెక్షన్‌కు డబ్బు సర్దుబాటు కాక, ల్యాబు ఫ్రీజరు తలుపు తెరిచి నేను ఎంతసేపు నిలబడ్డానో ఎవరికీ చెప్పలేదు. మూసేసి వచ్చాను.

మీ నాన్న వస్తే నా పాత నోట్‌బుక్ ఇచ్చి పంపుతాను. ఒక పేజీలో "కారణం" అని రాసి, ఎదురుగా ఆ కుర్రాడి పేరు రాశాను. దాన్ని తర్వాత నేనే కొట్టేశాను, కానీ కింద పేరు ఇంకా కనపడుతుంది.

మీ పెద్దమ్మ