చెయ్యి కదలకపోతే లెక్క ఆగిపోయింది

"ఆలోచించేది మెదడే కదా, దానికి శరీరంతోనూ చుట్టూ ఉన్న వస్తువులతోనూ మనుషులతోనూ పనేంటి?" అని ఒకరు నన్ను అడిగారు. లెక్కల టీచర్‌గా ఇరవై ఏళ్లు నేనూ అలాగే అనుకున్నాను. కుడి మణికట్టు విరిగి ఆరు వారాలు కట్టుతో ఉన్నప్పుడు ఆ నమ్మకం పోయింది.

ఆ రోజు చెప్పాల్సింది చిన్న లెక్కే. త్రిభుజంలో ఒక మూల నుంచి ఎదుటి భుజం మధ్య బిందువుకు గీసిన గీత, అంటే మధ్యగతరేఖ, ఆ మూల దగ్గర కలిసే రెండు భుజాల మొత్తంలో సగం కన్నా చిన్నదని నిరూపించాలి. వందసార్లు చెప్పి ఉంటాను. బోర్డు మీద త్రిభుజం ఉంది, ఎదురుగా పిల్లలున్నారు, నాకు మాత్రం తర్వాతేం చెయ్యాలో తట్టదు. ఒకటే టెన్షన్. ఇన్నాళ్లూ ఆ మెట్టు నా తలలో ఉందనుకున్నాను. చాక్‌పీస్ పట్టుకుంటే చెయ్యే ముందు గీసేసేది, ఎందుకు గీసిందో నేను తర్వాత చెప్పేదాన్ని.

ముందు బెంచీ అమ్మాయిని పిలిచి "నేను చెప్తా, నువ్వు గియ్యమ్మా" అన్నాను. మధ్యగతరేఖ గీస్తుంటే చాక్‌పీస్ కింది భుజం దాటి నాలుగు వేళ్ల మేర ముందుకు పోయింది. "అయ్యో, ఎక్కువైంది మేడమ్" అంటూ అరచేత్తో చెరపబోయింది. "చెరపకు!" అని అరిచినంత పని చేశాను. కావాల్సింది ఆ ముక్కే! రేఖను అంతే పొడవు కిందికి పొడిగించి, ఆ చివరను ఒక కింది మూలకు కలిపితే రెండు సర్వసమాన త్రిభుజాలు, అంటే అచ్చం ఒకే కొలతలున్నవి, వస్తాయి. రెండు భుజాలూ, రెట్టింపైన మధ్యగతరేఖా ఒకే త్రిభుజంలోకి చేరతాయి. ఇక మిగిలిందేమీ లేదు, రెండు భుజాల మొత్తం మూడోదాని కన్నా ఎప్పుడూ పెద్దదే.

ఆ ఉపాయం ఎవరికి తట్టిందంటే ఏం చెప్పను? నాకు గుర్తు రాలేదు, ఆ అమ్మాయికి తెలియదు. గీత పడ్డాకే నాకు కనిపించింది.

చేతులు తిప్పుతూ మాట్లాడేది ఎదుటివాళ్ల కోసమే అనుకుంటాం. 1998లో జానా ఐవర్సన్, సుసాన్ గోల్డిన్-మెడో అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన పరిశోధనలో, పుట్టుకతోనే చూపు లేని పిల్లలు కూడా, వినేవాళ్లకూ చూపు లేదని తెలిసినా, చేతులు కదుపుతూనే మాట్లాడారు. అంటే ఆ కదలిక ఎదుటివాళ్లకు చూపించడానికే కాదన్నమాట.

మరి శరీరం సహకరించనివాళ్ల సంగతేంటి అంటారేమో. భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్‌కు 1963లో, 21 ఏళ్ల వయసులో, కండరాలను కదిలించే నరాలను దెబ్బతీసే మోటార్ న్యూరాన్ వ్యాధి అని తేలింది. చేత్తో సమీకరణాలు రాయలేని స్థితి వచ్చాక ఆయన ఆకారాల్లో ఆలోచించడం అలవాటు చేసుకున్నారు. లెక్కల వివరాలకు విద్యార్థులు, తోటి శాస్త్రవేత్తలు తోడయ్యారు. ఆయన మేధస్సును తక్కువ చేయడం లేదు. శరీరం మారాక ఆలోచన నడిచే దారీ మారింది, ఆ దారిలో పక్క మనుషులు కూడా ఉన్నారు.

ఇప్పుడు క్లాసులో "ముందు బుర్రలో ఆలోచించుకో, తర్వాత పెన్ను పట్టుకో" అనడం మానేశాను. తట్టకపోతే ఏదో ఒక గీత గియ్యమంటాను, పక్కవాళ్లకు పైకి చెప్పమంటాను. పరీక్షలో మాత్రం ఆ పక్క మనిషిని తీసేస్తాం. బాగా చేసే పిల్లలే అక్కడ ఆగిపోతుంటే చూస్తూ నిలబడడం నాకు కష్టంగా ఉంటుంది.