సండే స్కూల్ సేవకి గుర్తింపు లేదన్న సిస్టర్‌కి

వందనాలు సిస్టర్. పన్నెండేళ్లుగా సండే స్కూల్ చెబుతున్నా సంఘంలో ఒక్కరూ పట్టించుకోలేదు, దేవుడి దగ్గరైనా దీనికి లెక్క ఉంటుందా అని అడిగారు కదా. ఉంటుంది. హెబ్రీ 6:10 తీయండి, మీరు చేసిన ఉపచారాన్ని మరిచిపోయేంత అన్యాయస్థుడు కాడు దేవుడు, మత్తయి 10:42లోనైతే గిన్నెడు చన్నీళ్లు ఇచ్చినా ఫలం పోదన్నాడు ప్రభువు.

పౌలు గ్రీసులోని కొరింథు సంఘానికి రాసిన ఉత్తరంలో, 1 కొరింథీ 9:25లో, ఈ ప్రతిఫలాన్ని అక్షయమైన, అంటే ఎన్నటికీ వాడిపోని కిరీటం అనడం ఊరికే కాదు. కొరింథు పక్కనే ఇస్త్మియాలో రెండేళ్లకోసారి ఆటల పోటీలు జరిగేవి, అంత కష్టపడి గెలిచినవాడి తలమీద పెట్టేది ఆకుల దండ, అది నాలుగు రోజులకి వాడిపోయేదే, కాబట్టి ఆ ఊరివాళ్లకి ఈ మాట చటుక్కున తగిలి ఉంటుంది.

ఏమనుకోకండి, ఒకటి చెప్తాను. ఈ ప్రతిఫలం మన పనికి జీతం కాదు, పాపం నుంచి రక్షణ దొరికేది దేవుడి కృపవల్లే. క్రిస్మస్ రోజు స్టేజి మీద అందరికీ శాలువాలు కప్పి నన్ను వదిలేస్తే ఇంటికొచ్చి ఏడ్చినదాన్నే నేనూ, మనుషులకి కనబడాలని చేయొద్దు, రహస్యంగా చూసే తండ్రే ప్రతిఫలమిస్తాడు అనే మత్తయి 6 మొదటి నాలుగు వచనాలు అప్పుడే నిజంగా చదివాను. అలసిపోయి ఉంటే మాత్రం పాస్టర్‌గారిని అడిగి ఒక నెల సెలవు తీసుకోండి, తప్పేం లేదు.