వాగు దాటని రోజుల్లో పశువుల సాకుడు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం ములుగు, భూపాలపల్లి జిల్లాల వాగుల వెంబడి గూడేల నుంచే. అడిగిన సంగతులు వేరైనా ఇబ్బంది ఒకటే. జంపన్నవాగో మోరంచవాగో పొంగితే ఊరు దీవి అయిపోతుంది. దాణా బండి రాదు, డాక్టరు రాలేడు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే దాదాపు 65 సెంటీమీటర్ల వాన కురిసింది. అందుకే కింది లెక్కలన్నీ దారి పది రోజులు తెగిందనుకొని వేసినవి.

ప్రశ్న: రెండు పాడి బర్రెలు, పదిహేను మేకలు, ఇరవై నాటుకోళ్లు ఉన్నయి. వాగు వస్తే ఎటూ పోలేం. ఎంత మేత దాచుకోవాలె? నిరుడు పెట్టిన వరిగడ్డి సగం బూజు పట్టింది. ఏం తప్పు జరిగిందో చెప్పండి.
(ఒక రైతు, ఏటూరునాగారం మండలం)

నాలుగు క్వింటాళ్ల బర్రె రోజుకు సుమారు 10 కిలోల ఎండుగడ్డి తింటుంది. రెండింటికి పది రోజులకు 200 కిలోలు. తొక్కుడుకు, తడుపుకు పోయేది కలుపుకొని 250 కిలోలు ఉంచుకోండి. కట్టల లెక్కన చెప్పడం లేదు, ఎందుకంటే చేతికట్ట వేరు, మిషన్ చుట్ట వేరు. ఒకటి తూకం వేసి చూసుకోండి. రోజుకు నాలుగు లీటర్లు ఇచ్చే బర్రెకు ఒంటి పోషణకు కిలోన్నర, రెండు లీటర్ల పాలకు కిలో చొప్పున మొత్తం మూడున్నర కిలోల దాణా కావాలి. రెండింటికి పది రోజులకు 70 కిలోలు. ఇంట్లోనే కలుపుకుంటే క్వింటాలుకు మక్కపిండి 35, తవుడు 32, పల్లిచెక్క గానీ పత్తిచెక్క గానీ 30, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1 కిలో. నిల్వకు మాత్రం నూనె తీసిన తవుడే తీసుకోండి. పచ్చి తవుడు వానకాలంలో తొందరగా ముక్కిపోతుంది. చెమ్మ తగిలిన పల్లిచెక్కలో బూజు విషం పుడుతుంది. ఆ సంచిని గోడకు ఆనించకుండా చెక్కబల్ల మీద పెట్టండి.

మేకలు వరిగడ్డిని నమ్ముకొని బతకవు. పల్లితీగ, కందిపొట్టు, ఎండబెట్టిన సుబాబుల్ ఆకు తలకు రోజుకు కిలో చొప్పున క్వింటాలున్నర ఉంచుకోండి. వాన తెరిపిచ్చినప్పుడు రావి, జువ్వి కొమ్మలు కొట్టి వేయొచ్చు. కాని పరగడుపున తడి ఆకు వేస్తే కడుపుబ్బరం, పారుడు. ముందు గుప్పెడు పొట్టు తిననిచ్చి తర్వాత ఆకు వేయండి. కోళ్లు బయట తిరగలేని రోజుల్లో ఒక్కొక్కటి 100 గ్రాముల దాకా తింటాయి, అంటే 20 కిలోల నూకలు, మక్క రవ్వ.

మేత అయిపోవస్తున్నప్పుడు చాలామంది చేసేది వడ్లో, బియ్యమో, అన్నమో బర్రె ముందు పెట్టడం. ఇది గడ్డి లేకపోవడం కన్నా ప్రమాదం. అలవాటు లేని గింజ ఒక్కసారిగా పడితే కడుపు పుల్లబడి, నెమరు ఆగి, రెండు రోజుల్లో బర్రె కూలబడుతుంది. పాలు తగ్గితే తగ్గనీయండి. ఉన్న గడ్డినే మూడు పూటలకు పంచి వేయండి.

ఇక బూజు సంగతి. గడ్డి పూర్తిగా ఎండకముందే వాము వేసి ఉంటారు, లేదా వామును నేల మీదే వేసి ఉంటారు. గుప్పెడు గడ్డిని మెలితిప్పి చూడండి. పుటుక్కున విరిగితే ఎండినట్టు, తాడులా మెలిపడితే ఇంకా తడి ఉన్నట్టు. వాము వేసిన నాలుగో రోజు నడిమధ్యలోకి చెయ్యి జొనిపి చూడండి. వేడిగా తగిలితే విప్పి మళ్లీ ఎండబెట్టాల్సిందే. రాళ్ల మీద వాసాలు పరిచి, నేలకు రెండడుగుల ఎత్తున వేయండి. పైన తాటిపత్రి (టార్పాలిన్) కప్పితే అది గడ్డికి అతుక్కోకుండా వెదురు అడ్డం పెట్టండి. లేకపోతే లోపలి ఆవిరి నీరై పై వరసంతా కుళ్లుతుంది.

బూజు గడ్డిని ఎండలో దులిపి వేస్తే సరిపోతుందనుకోవద్దు. బూజు రాలుతుంది గాని విషం గడ్డిలోనే ఉంటుంది. అది తిన్న బర్రెలకు చెవికొనలు, తోక చివర, గిట్టల పైభాగం నల్లబడి, ఎండి, ఊడిపోతాయి. దీన్నే డెగ్నాలా అంటారు. అలాంటి గడ్డి పెంటకుప్పకే పోవాలి.

నీళ్లు పాలిచ్చే బర్రెకు రోజుకు 50-60 లీటర్లు, మేకకు 4-5 లీటర్లు. వాగునీరు తాపొద్దు. బావినీరు తేటగా ఉంటే వెయ్యి లీటర్లకు టీస్పూను బ్లీచింగు పౌడరు కలిపి, అరగంట ఆగి వాడండి. రాత్రిళ్లు పలుపును గట్టి ముడి వేయకుండా, ఒక్క గుంజుకు ఊడే జారుముడి వేయండి. వరద వస్తే కట్టుగొయ్యకు కట్టేసిన పశువు తప్పించుకోలేక పోతుంది.

ప్రశ్న: వరిగడ్డికి యూరియా పట్టిస్తే బలం వస్తుందంటున్నారు, పశువులు చస్తాయనీ అంటున్నారు. ఏది నిజం?
(పరకాల)

రెండూ నిజమే. క్వింటాలు ఎండుగడ్డికి 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీళ్లు. యూరియా గింజ లేకుండా కరిగేదాకా కలపండి. గడ్డిని జానెడు మందాన పరిచి, మొక్కలకు నీళ్లు చల్లే డబ్బాతో చల్లి, తొక్కి, దానిపై మరో వరస. అంతా అయ్యాక పాలిథిన్ షీటుతో గాలి దూరకుండా మూసి, అంచులకు మట్టి మెత్తండి. 21 రోజులకు విప్పితే గడ్డి పసుపు గోధుమ రంగులో, మెత్తగా, ముక్కు అదిరే ఘాటుతో ఉండాలి. ఘాటు రాలేదంటే షీటుకు చిల్లి పడి గ్యాసు పోయింది, నల్లబడితే నీళ్లు ఎక్కువయ్యాయి. ఏ పూటకాపూట తీసి, గంటసేపు ఆరనిచ్చి, మొదటి వారం మామూలు గడ్డిలో మూడోవంతు కలిపి వేయండి. ఆరు నెలల లోపు దూడలకు వద్దు.

పశువులు చచ్చేది ఈ గడ్డి తిని కాదు, యూరియా కలిపిన బకెట్ నీళ్లు తాగి. కలిపేటప్పుడు పశువులను అటు రానివ్వకండి, మిగిలిన నీళ్లు పారబోయండి. ఈ పని ఎండాకాలంలో చేసేది. మిరుగం (మృగశిర కార్తె) దాటాక మొదలుపెడితే షీటు కింద వాననీరు చేరి అంతా పాడవుతుంది.

ప్రశ్న: వానల్లో మేకల కొట్టమంతా బురదే. గిట్టలు పుండ్లు పడుతున్నయి. సిమెంటు వేయించాలా?
(తాడ్వాయి)

వద్దు. సిమెంటు మీద మూత్రం నిలిస్తే గిట్టకు బురద కన్నా మేలేమీ కాదు. వెదురు మంచె వేయండి. మేకకు 10 చదరపు అడుగుల లెక్కన పదిహేనింటికి 10 బై 15 అడుగులు. ఎత్తు మూడడుగులు ఉంటే కింద పెంట ఊడ్వడానికి మనిషి వంగి దూరగలడు. బద్దల మధ్య సందు సెంటీమీటరు నుంచి సెంటీమీటరున్నర. అంతకన్నా ఎక్కువైతే పిల్లల కాళ్లు ఇరుక్కొని విరుగుతాయి, తక్కువైతే పెంటికలు కిందికి రాలవు. వారం రోజులు గడవని పిల్లలకు మంచె మూలన ఎండుగడ్డి పరిచిన గంప వేరుగా పెట్టండి. ఎక్కే మెట్టుకు అడ్డబద్దలు కొట్టకపోతే తడిసినప్పుడు చూలు మేకలు జారిపడతాయి.

ప్రశ్న: టీకాలు వానలు పడ్డాక వేయించొచ్చా?
(మంగపేట)

వేయించొచ్చు గాని ఫలితం దక్కదు. గొంతువాపు టీకా వేశాక ఒంట్లో శక్తి రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఈ రోగం తగిలిన బర్రె పొద్దున జ్వరం, మధ్యాహ్నం గొంతు కింద వాపు, గురక, తెల్లారేసరికి చావు అన్నట్టు పోతుంది. వాగు అవతల ఉన్న డాక్టరు ఏం చేయగలడు? బర్రెలకు గొంతువాపు, జబ్బవాపు టీకాలు, మేకలకు చిటుకరోగం టీకా మే నెలలోనే పడిపోవాలి. మేకలకు పారుడు రోగం టీకా ఒకసారి వేస్తే మూడేళ్లు కాస్తుంది. నట్టల మందు టీకాకు వారం పది రోజుల ముందు తాపండి. మందను చూసి సగటు బరువు వేయడం మన అలవాటు. దాంతో పెద్ద మేకలకు మందు చాలదు, నట్టలు మందుకు మొండికేస్తాయి. చూలు కట్టిన మొదటి నెలలో ఆల్బెండజోల్ అనే నట్టల మందు వద్దు.

వాగు ఒడ్డున, నీరు నిలిచిన చోట మేసే పశువులకు నత్తల ద్వారా కార్జపు జలగ పడుతుంది. దవడ కింద నీటిసంచిలా వేలాడితే అదేనని అనుమానించండి. మామూలు నట్టల మందుతో అది పోదు. వేరే మందు కావాలి, డాక్టరును అడిగి తీసుకోండి.

ప్రశ్న: పెట్ట పన్నెండు గుడ్లు పొదిగితే నాలుగే పిల్లలు. ఆ నాలుగూ కొక్కెర రోగంతో పోయినయి.
(ఒక పాఠకురాలు, మహాముత్తారం)

పిల్లలు తక్కువ దిగడానికి మొదటి కారణం గుడ్ల వయసు. వారం దాటిన గుడ్డు పెట్టకండి. పొదిగేదాకా సన్నమొన కిందికి ఉండేలా, ఇసుక తడిపిన కుండలో చల్లగా దాచండి. ఎండాకాలం ఇంటి వేడికే గుడ్డులో పిండం కదిలి, మధ్యలో చచ్చిపోతుంది. గంపలో ఊక, బూడిద కలిపి పోసి, పైన గడ్డి వేసి గుంటలా చేయండి. బూడిద ఉంటే పేలు తక్కువ. ఏడో రాత్రి చీకట్లో సెల్‌ఫోను టార్చి మీద గుడ్డు పెట్టి చూడండి. సాలెగూడులా ఎర్రనరాలు కనిపిస్తే పిల్ల ఉన్నట్టు. అంతా తేటగా ఉంటే తీసేయండి, లేకపోతే అది కుళ్లి పగిలి మిగతావాటిని చెడగొడుతుంది. 21వ రోజున పెంకు పగలడం మొదలయ్యాక చేయి పెట్టకండి. వనరాజా, గ్రామప్రియ లాంటి రకాలకు పొదిగే గుణం తక్కువ. వాటి గుడ్లు కూడా నాటుపెట్ట కిందే పెట్టాలి.

కొక్కెరకు ఏడో రోజు కంట్లో లాసోటా టీకా చుక్క, నాలుగో వారంలో మరోసారి, ఎనిమిదో వారంలో రెక్క కింద ఆర్2బి టీకా సూది అరమిల్లీ. చుక్క కంట్లో పడ్డాక పిల్ల కనురెప్ప కొట్టేదాకా చేతిలోనే పట్టుకోండి. వెంటనే వదిలితే తల విదిలించి చుక్క బయటికి కొట్టేస్తుంది. మందు మంచులో రావాలి, కలిపాక రెండు గంటల్లో అయిపోవాలి. ఒక సీసా వంద కోళ్లకు పైగానే వస్తుంది కాబట్టి వాడంతా ఒకే పొద్దున వేయించుకోవడమే తెలివి. మీ ఒక్క ఇంటి కోళ్లకే వేస్తే పక్కింటి కోడి రోగం తెచ్చిపెడుతూనే ఉంటుంది.

ప్రశ్న: మా బర్రె శ్రావణంలో ఈనుతుంది. రాత్రిపూట, వాగు నిండుగా ఉంటే మేమేం చేయాలి?
(గోవిందరావుపేట)

చూలు 310 రోజులు. కట్టించిన తేదీ రాసి ఉంటే ఇప్పుడే లెక్క చూసుకోండి. వాగు వచ్చే రోజుల్లో పడితే, ఈనడానికి పదిహేను రోజుల ముందే బర్రెను వాగు దాటించి, డాక్టరు రాగలిగే అవతలి ఒడ్డున చుట్టాలింట్లో కట్టేయడం అన్నిటికన్నా నయం.

ఇంటి దగ్గరే ఈనితే ముందుగా చూడాల్సింది గిట్టలు. అరికాళ్లు కిందికి ఉన్న రెండు ముందుకాళ్లు, వాటి మీద మూతి కనిపిస్తే సవ్యం. అరికాళ్లు పైకి ఉంటే వెనక కాళ్లు వస్తున్నట్టు. ఒకే కాలు, తోక, లేదా కాళ్లున్నా తల లేకపోవడం, ఈ మూడూ అడ్డం తిరిగినవే. లాగకండి. ఉమ్మనీటి తిత్తి పగిలి రెండు గంటలైనా దూడ కదలకపోతే అది ఇంటివాళ్ల పని కాదు. 1962కు ఫోను చేసి, అవతలి ఒడ్డు దాకా పశువైద్య వాహనం రాగలదేమో అడగండి. సవ్యంగా వస్తుంటే బర్రె ముక్కినప్పుడే, కిందివైపుకు, ఇద్దరు మనుషుల బలానికి మించకుండా లాగాలి.

దూడ పడగానే ముక్కు, నోటి జిగురు తుడిచి, బొడ్డును రెండంగుళాలు వదిలి శుభ్రమైన దారంతో కట్టి, కోసి, టించరు అయోడిన్లో ముంచండి. మాయ పడేదాకా ముర్రుపాలు తాపొద్దనే మాట మన ఊళ్లలో ఇంకా ఉంది. అది దూడకు చేటు. మొదటి గంటలోనే తాపాలి. 30 కిలోల దూడకు మొదటి రోజంతా కలిపి మూడు లీటర్లు. దూడ చీకితేనే మాయ కూడా తొందరగా పడుతుంది. పన్నెండు గంటలైనా పడకపోతే చెప్పో ఇటుకో కట్టి వేలాడదీయకండి. మాయ తెగి ముక్క లోపల ఉంటే గర్భసంచి చీము పడుతుంది. దూడకు పదో రోజున ఏలికపాములకు పైపరజిన్ మందు డాక్టరు చెప్పిన మోతాదులో తాపండి. బర్రె దూడలకు ఈ పాములు తల్లిపాల ద్వారానే వస్తాయి.

ప్రశ్న: నెల రోజుల జొన్న చేలో పడి మేసిన దూడ పావుగంటలో చచ్చింది. ఎవరైనా విషం పెట్టారా?
(నర్సంపేట)

ఎవరూ పెట్టలేదు, అది జొన్న నాము. వాన వెనకబడి వాడిన లేత జొన్నలో, కోసిన మోళ్ల నుంచి వచ్చే పిలకల్లో సయనైడు పుడుతుంది. పూత వచ్చాకే కోయండి, కోసింది ఎండబెట్టి వేయండి. బెట్ట మీదున్న చేను అయితే బాగా తడి అందిన తర్వాతే ముట్టండి. ఇంకోసారి పశువు చేలో పడితే వెంటనే బయటికి తోలి డాక్టరును పిలవండి. దీనికి విరుగుడు సూది ఉంది గాని నిమిషాల్లో పడాలి. ఆ పిలకలను ఈలోపు దున్నేయండి, లేదా చేనుకు ముళ్లకంప వేయండి.