లంక ఊళ్ళో ఉండే ఆరుగురికి వరదలకూ తుఫాన్లకూ ఏ బండి మంచిది?

మీరు అడిగింది ఇదీ: అమలాపురం దగ్గర గోదావరి పాయల మధ్య లంక ఊరు, ఇంట్లో ఆరుగురు, వాళ్ళలో నడవలేని మామ్మగారు ఒకరు, చేతిలో 12 లక్షలు. తమ్ముడు థార్ అంటున్నాడు, ఇంట్లోవాళ్ళు ఎర్టిగా అంటున్నారు, మీకేమో ఎలక్ట్రిక్ కారు మీద మనసుంది.

థార్ సంగతి ముందు తేల్చేద్దాం. మూడు డోర్ల థార్‌లో సీట్లు నాలుగే. జిమ్నీలోనూ నాలుగే. థార్ రాక్స్‌లో ఐదుంటాయి గానీ, దాంట్లో ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ పవర్ వెళ్ళే రకం) కావాలంటే మీ 12 లక్షలు ఏ మూలకీ చాలవు. ఇద్దరిని గడప దగ్గర వదిలేసి వెళ్ళే బండి ఆపదకు పనికొచ్చే బండి ఎలా అవుతుందండీ? ఇంకో మాట, థార్‌లో వెనక చక్రాలకే పవర్ వెళ్ళే రకం కూడా అమ్ముతారు. చూడ్డానికి రెండూ ఒకటే. తక్కువ ధరకు దొరికిందని సంబరపడేముందు అది ఏ రకమో చూసుకోవాలి.

అసలు లంక ఊళ్ళో కారు పని నీళ్ళలో ఈదడం కాదు, నీళ్ళు రాకముందే అందరినీ ఎక్కించుకుని గట్టు దాటడం. గోదావరి వరద చెప్పి వస్తుంది. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అక్కడి నీరు ధవళేశ్వరం చేరడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. 2022 జులైలో భద్రాచలంలో నీటిమట్టం 71 అడుగులు దాటినప్పుడు కూడా కింది వాళ్ళకు ఈ వ్యవధి దొరికింది. కాకపోతే కనకాయలంక లాంటి కాజ్‌వేలు (ఏటికి అడ్డంగా తక్కువ ఎత్తులో వేసిన దారులు) ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక దాకా ఆగవు, అంతకుముందే మునుగుతాయి. మీ దారిలో కాజ్‌వే ఉంటే మీ గడువు ఆ కాజ్‌వేనే. భద్రాచలంలో 43 అనగానే మామ్మగారిని, పిల్లల్ని దాటించేయండి. తుఫానుకైతే వాతావరణ శాఖ తీరంలో గాలీవానా మొదలవడానికి కనీసం 48 గంటల ముందు ఒక ప్రకటన, 24 గంటల ముందు మరొకటి ఇస్తుంది. మొదటిదానికి ట్యాంకు నింపాలి, రెండోది వచ్చేసరికి బయల్దేరి ఉండాలి.

ఇలా ముందే కదిలేవాళ్ళకు నా ఓటు ఎర్టిగా పెట్రోలు, మాన్యువల్ గేరుది. ఆరుగురు కూర్చుంటారు, సీటు ఎత్తు నడుం దగ్గరికి వస్తుంది కాబట్టి పెద్దవాళ్ళను పక్కకు తిప్పి కూర్చోబెట్టడం తేలిక, రెండో వరుస వెనక్కి వాలుతుంది. ట్యాంకు 45 లీటర్లు. నిండు బరువుతో లీటరుకు 14 వేసుకున్నా సగం ట్యాంకుతో 300 కిలోమీటర్లు. సీఎన్‌జీ రకం వద్దు. సిలిండరు డిక్కీని తినేస్తుంది, మీకు ఆ చోటు మంచినీళ్ళ డబ్బాలకూ బట్టల మూటలకూ కావాలి. కరెంటు పోతే సీఎన్‌జీ కంప్రెసర్లు కూడా ఆగిపోతాయి.

బొలెరో ఎప్పుడు మేలంటే, మీ ఇంటి నుంచి తారు రోడ్డు దాకా మట్టి గట్టు దారి ఉండి, వానకు గాడులు పడుతుంటే. లేదా ఏడాది పొడవునా బస్తాలు మోయాల్సి ఉంటే. గట్టి ఛాసిస్, 60 లీటర్ల ట్యాంకు, ఏ ఊళ్ళో ఆగినా విప్పి బిగించగల మెకానిక్. లోటు ఏమిటంటే మెట్టు ఎత్తు, మామ్మగారికి ఒక గట్టి పీట బండిలోనే ఉండాలి. వెనక సీట్లు ఎదురెదురుగా ఉంటాయి, అక్కడ దూరప్రయాణం నరకం. పైగా అది డీజిలు. బీఎస్6 డీజిలు బండికి పొగగొట్టంలో మసి పట్టే ఫిల్టరు ఉంటుంది. రోజూ ఐదు కిలోమీటర్లు వెళ్ళి ఆపేస్తే అది పూడుకుపోయి, అవసరమైన రోజునే దీపం వెలిగి పికప్ పడిపోతుంది. వారానికోసారి హైవే మీద 20, 25 నిమిషాలు 60 కి.మీ. వేగం పైన నడిపే పని ఉంటేనే డీజిలు తీసుకోండి. వేరే డీజిలు బండి ఏదైనా చూస్తే డీఈఎఫ్ (పొగను శుభ్రం చేసే ద్రవం) పోయాలా అని అడగండి. అది అయిపోతే ఒకసారి ఆపిన ఇంజను మళ్ళీ స్టార్టవదు.

"మరి నీళ్ళు వచ్చేస్తే?" అంటారు. లెక్క వేసి చూడండి. కారు అడుగుభాగం వైశాల్యం సుమారు 6.5 చదరపు మీటర్లు. ఆ అడుగు పలక పైకి ప్రతి 10 సెంటీమీటర్ల నీటికి 650 కిలోలు పైకి తేల్చే బలం వస్తుంది. ఎర్టిగా బరువు ఆరుగురితో కలిపి 1,550 కిలోలు అనుకుంటే, పలక పైన 24 సెంటీమీటర్లకు తేలుతుంది. పలక నేలకు 18 సెంటీమీటర్ల పైన ఉంటుంది కాబట్టి మొత్తం 42. బొలెరో మనుషులతో 1,950 కిలోలు వేసుకుంటే 48. అంటే పెద్ద బండి కొన్నందుకు వచ్చే తేడా ఆరు సెంటీమీటర్లు, నాలుగు వేళ్ళ వెడల్పు! తేలకముందే టైర్ల పట్టు సడలుతుంది. పారే నీరైతే లెక్కే మారిపోతుంది, 30 సెంటీమీటర్ల ప్రవాహం చిన్న కారును పక్కకు నెట్టేస్తుంది, 60 అయితే చాలా బండ్లను ఈడ్చుకుపోతుంది. అందుకే పారుతున్న కాజ్‌వే మీదికి ఏ బండీ దింపొద్దు, ముందు లారీ వెళ్ళింది కదా అని అసలే వద్దు.

నిలిచిన నీటిలో తప్పనిసరిగా వెళ్ళాల్సి వస్తే హద్దు చక్రం ఇరుసు. ఎర్టిగా టైరు 185/65 ఆర్15 అంటే ఎత్తు 62 సెంటీమీటర్లు, ఇరుసు 31. బొలెరోది 35. కంపెనీలు చెప్పే గ్రౌండ్ క్లియరెన్స్ వేరు, నీటిలో దిగగల లోతు వేరు. ఆ రెంటినీ కలిపి చెప్పే సేల్స్ కుర్రాడి మాట పట్టించుకోకండి. షోరూములో బానెట్ ఎత్తించి, ఎయిర్ ఫిల్టరు పెట్టె నుంచి బయల్దేరే గొట్టం నోరు ఎక్కడ ఉందో చూసి, నేల నుంచి టేపుతో కొలవండి. చాలా కార్లలో అది గ్రిల్ వెనకాలో హెడ్‌లైట్ పక్కనో ఉంటుంది. ఆ కొలతలోంచి 15 సెంటీమీటర్లు తీసేయండి, బండి కదిలితే ముందు లేచే అలకు అది. మిగిలినది మీ ఇంజను హద్దు.

ఎందుకింత పట్టింపంటే, ఆ నోట్లోంచి నీళ్ళు సిలిండరులోకి పోతే, గాలిలా నీరు నలగదు కాబట్టి పిస్టన్ పైకి రాలేక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. డీజిలులో కంప్రెషన్ ఎక్కువ, పిస్టన్ పైన చోటు తక్కువ, కాబట్టి కొంచెం నీటికే దెబ్బ తింటుంది. నీటిలోకి దిగేముందు ఏసీ ఆపేయండి, లేకపోతే తిరిగే ఫ్యాను రెక్కలు నీటికి తగిలి విరుగుతాయి, రేడియేటరుకు చిల్లు పడొచ్చు. సీటు బెల్టులు తీసి, కిటికీలు దించి, మొదటి గేరులో ఒకే వేగంతో, గేరు మార్చకుండా వెళ్ళాలి. బయటికొచ్చాక వంద మీటర్లు బ్రేకు మీద కాలు తేలిగ్గా ఆనించి నడిపితే బ్రేకుల తడి ఆరుతుంది. వేడెక్కిన గేరుబాక్సు, డిఫరెన్షియల్ (ఇరుసు మీది గేర్ల పెట్టె) చల్లటి నీటిలో దిగితే బ్రీదర్ అనే గాలి రంధ్రం గుండా నీరు పీల్చుకుంటాయి. ఆ వారంలోనే ఆయిలు చూపించండి, పాలు కలిపిన టీ రంగులో ఉంటే వెంటనే మార్చాలి.

స్నార్కెల్ (ఇంజను గాలి గొట్టాన్ని పైకప్పు దాకా లేపేది) బిగిద్దామనే ఆలోచన మానుకోండి. కారు తేలడాన్ని అది ఆపలేదు, వారంటీకి మాత్రం చిక్కు తెస్తుంది. ఇక నీరు నిజంగా ఊళ్ళోకి వచ్చాక పనికొచ్చేవి ట్రాక్టరు, పడవ. కార్ల చర్చ అక్కడితో ఆగిపోతుంది.

ఎలక్ట్రిక్ కారు గురించి నా అభిప్రాయం కొంచెం అటూ ఇటూగా ఉంటుంది. బయటికి కరెంటు ఇచ్చే సదుపాయం ఉన్న నెక్సాన్ ఈవీ లాంటిది తుఫాను తర్వాత నిజంగా ఆదుకుంటుంది. ఆ సదుపాయం 3.3 కేవీఏ దాకా ఇస్తుంది, కానీ అన్ని వేరియంట్లలో ఉండదు, అడిగి చూసుకోవాలి. 30 యూనిట్ల బ్యాటరీలో ఐదు యూనిట్లు దారికి పక్కన పెట్టినా 25 మిగులుతాయి. రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు, ఐదు లీటర్ల ఆక్సిజన్ మిషను కలిపి 500 వాట్లు అనుకుంటే, నష్టాలు పోను రెండు రోజులకు కాస్త తక్కువగా నడుస్తాయి. మామ్మగారికి ఆక్సిజన్ అవసరముంటే ఇదొక్కటే పెద్ద కారణం. కానీ అది ఐదుగురి బండి, కరెంటు రోజుల తరబడి పోతే నింపుకునే దారి లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ దాటాక విశాఖ ఎన్ని రోజులు చీకట్లో ఉందో గుర్తుందిగా. బ్యాటరీకి ఐపీ67 అంటే ఒక మీటరు మంచినీటిలో అరగంట వరకే హామీ. సముద్రపు ఉప్పెన నీరు తగిలిన బ్యాటరీ నీరు తీశాక కూడా, రోజుల తర్వాత అంటుకున్న సందర్భాలున్నాయి. మునిగితే ఇంటికి దూరంగా, ఆరుబయట పెట్టించాలి. మీకు ఇది రెండో బండిగా బాగుంటుంది.

కారు కొన్నాక యాభై, అరవై వేలు మిగిల్తే మంచి స్థితిలో ఉన్న 100 సీసీ పాత బైకు తీసుకోండి, స్ప్లెండర్ లాంటిది. తుఫాను మర్నాడు చెట్లు పడ్డ రోడ్డు మీద కారు కదలదు. 110 కిలోల బైకును ఇద్దరు ఎత్తి కొమ్మ దాటించగలరు, మందులకూ పాలకూ అదే దిక్కు. గాలి వచ్చే ముందు రాత్రి దాన్ని స్టాండు మీద వదిలేయకుండా తాడుతో స్తంభానికి కట్టేయండి.

పెట్రోలు సంగతి. ఏ రోజైనా ట్యాంకు సగానికి తగ్గనీయకండి. బంకు పంపులకు కరెంటు కావాలి, జనరేటరు ఉన్న బంకు దగ్గర మైలు క్యూ ఉంటుంది, టవర్లు పడిపోతే ఫోన్‌పే పనిచేయదు. వంద, ఐదొందల నోట్లలో మూడు వేలు బండి కాగితాలతో పాటు పెట్టండి. అమ్మకానికి కాకుండా ఇంట్లో 30 లీటర్ల దాకా పెట్రోలు ఉంచుకోవడానికి పెట్రోలియం చట్టం ప్రకారం లైసెన్సు అక్కర్లేదు, ఒక్కో డబ్బా 25 లీటర్లు మించకూడదు, గాజు సీసాలైతే లీటరే. మీకు పది లీటర్ల ఇనుప డబ్బా ఒకటి చాలు, వంటింటికి దూరంగా. ఇథనాల్ కలిసిన పెట్రోలు చెమ్మ పీలుస్తుంది కాబట్టి రెండు నెలలకోసారి బైకులో పోసేసి కొత్తది నింపండి. కారు లోపల మాత్రం డబ్బా పెట్టుకుని ప్రయాణం చేయొద్దు.

మాన్యువల్ గేరు ఎందుకన్నానంటే, బ్యాటరీ నీరసపడితే తోసి స్టార్ట్ చేయొచ్చు, ఆగిపోతే తాడు కట్టి లాగొచ్చు. ఆటోమేటిక్‌ను ఇంజను తిప్పే చక్రాలు నేల మీద ఉంచి లాగితే గేరుబాక్సు పోతుంది.

డిక్కీలో: స్క్రూ చేసే టోయింగ్ కొక్కెం (టూల్‌కిట్‌లో ఉందో లేదో ఇవాళే చూడండి), ఐదు టన్నుల తాడు, మడత రంపం, కత్తి, ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్, 12 వోల్టుల గాలి పంపు, జంపర్ వైర్లు, టార్చి, 20 లీటర్ల నీళ్ళు, మందుల పెట్టె. తుఫాను తర్వాత రోడ్డంతా రేకులూ మేకులే, టైరుకు మూడు నాలుగు చిల్లులు మామూలే. కాబట్టి స్టెప్నీ ఒక్కదాన్ని నమ్ముకోవద్దు. అద్దం పగలగొట్టే సుత్తి డిక్కీలో కాదు, డ్రైవరు చేతికందేలా. ముందు అద్దం పగలదు, పక్క అద్దం మూల మీద కొట్టాలి.

పాత కారు చూస్తున్నట్టయితే జాగ్రత్త, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోనూ, మున్నేరు పొంగి ఖమ్మంలోనూ మునిగిన బండ్లు ఎన్నో. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, చివర్లో బురద గీత దొరుకుతుంది. కార్పెట్ ఎత్తి సీటు పట్టాల బోల్టుల తుప్పు, ఫ్యూజు పెట్టె లోపలి మన్ను, హెడ్‌లైట్ లోపలి నీటి గీత చూడండి. కడిగి పాలిష్ చేసేవాళ్ళు ఈ చోట్లకు వెళ్ళరు.

ఇన్సూరెన్సు థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే వరద నష్టానికి పైసా రాదు. ఓన్ డ్యామేజ్ (మీ బండి నష్టానికి ఇచ్చే పాలసీ) ఉంటే వరద, తుఫాను అందులో ఉంటాయి గానీ, నీళ్ళు పోయిన ఇంజను మళ్ళీ తిప్పి పాడు చేసుకుంటే అది వేరే లెక్క అంటారు. దానికి ఇంజన్ ప్రొటెక్ట్ యాడ్ ఆన్ విడిగా కొనాలి. కాబట్టి మునిగిన బండికి తాళం తిప్పొద్దు, లైట్లు వెలుగుతున్నాయా అని కూడా చూడొద్దు. నీటి గీత కనిపించేలా నాలుగు వైపులా ఫొటోలు తీసి, బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీసి, కంపెనీకి చెప్పి, నాలుగు చక్రాలూ పైకెత్తే ఫ్లాట్‌బెడ్ మీదే తీసుకెళ్ళమనండి.