ఊళ్లో ఏఈవోను నిలబెట్టేది ఏంటి?

ప్రశ్న: మా అమ్మాయి పొలాస వ్యవసాయ కళాశాలలో బీఎస్సీ అగ్రికల్చర్ చివరి సంవత్సరం. బ్యాంకులో అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్ పరీక్షకు కూర్చోమంటే, ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి)గానే చేస్తానంటోంది. పొలాల వెంట తిరిగే ఆ ఉద్యోగంలో ఎన్నాళ్లు ఉత్సాహంగా ఉంటుందండీ?
– ఒక తండ్రి, కోరుట్ల

జవాబు: మీ బెంగ సబబే. జీతం, సర్కారు కొలువన్న భరోసా మనిషిని ఉద్యోగంలో ఉంచుతాయి. కానీ మిట్టమధ్యాహ్నం మడిలోకి దింపేది అవి కాదు. తను చెప్పిన మాట పనిచేసిందో లేదో ఆ సీజన్‌లోనే కళ్లముందు కనబడటం, నన్నడిగితే, ఈ పనిలోని అసలు బలం.

వరికి సుడిదోమ పట్టిందనుకోండి. రైతు ఆకుల మీద మందు కొడతాడు, తగ్గలేదని ఇంకోటి కలిపి కొడతాడు. ఏఈవో వచ్చి దుబ్బును వంచి మొదలు దగ్గర తడుతుంది. దోమలు నీళ్ల మీద రాలతాయి. పురుగు ఉన్నది కింద, మందు పడుతున్నది పైన! మడిలో నీళ్లు తీసేసి మొదళ్లు తడిసేలా కొట్టమంటుంది. వచ్చేసారి నాటేటప్పుడు ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలమంటుంది. పంట దక్కిందా, మళ్లీ విత్తనం కొనేముందు ఆ రైతు మందుల షాపుకు పోకుండా ముందు ఆమెకు ఫోన్ చేస్తాడు. ఆ నమ్మకం రుచి చూసినవాళ్లు ఈ పనిని అంత తేలిగ్గా వదలరు.

విసిగించేవీ ఉన్నాయి. సుమారు 5 వేల ఎకరాల క్లస్టర్‌కు ఒక్కరే ఏఈవో. పంటల నమోదు, రైతుబీమా కాగితాలు పొలం చూసే సమయాన్ని తినేస్తాయి. యూరియా దొరక్కపోతే తిట్లు తినేదీ ఆమే. ఆడపిల్ల ఒంటరిగా దూరపు చెలకల్లో సర్వేకు పోవడం నిజంగా ఇబ్బందే. దాన్ని చిన్నది చేసి చెప్పను. నమోదు ఎంతయిందని తప్ప పొలంలో ఏం చేశావని అడగని పైఅధికారి దొరికితే ఎంతటి ఉత్సాహమైనా చల్లారుతుంది.

రావెప్ కోసం, అంటే చదువులో భాగంగా పల్లెలో రైతుల మధ్య ఉండి పని నేర్చుకునే కార్యక్రమం కోసం, అమ్మాయి ఊళ్లో ఉండి వచ్చే ఉంటుంది కదా. అప్పుడు ఇంటికి ఫోన్ చేసి ఏం చెప్పేదో గుర్తు చేసుకోండి. ఫలానా పెద్దాయన పత్తి, ఫలానా అక్క పసుపు అంటూ మాట్లాడిందా? అయితే ఆపకండి. రికార్డు రాయడం, మార్కుల గురించే మాట్లాడి ఉంటే మరోసారి కూర్చుని అడగండి.

బ్యాంకు పరీక్ష మాత్రం రాయమనండి. ఏఈవో నోటిఫికేషన్లు ఏటా రావు. బ్యాంకు కొలువులోనూ పంట రుణాల పని మీద రైతులతోనే మెలగాలి. ఈలోగా, నిపుణులు వీడియోలో రైతులతో మాట్లాడే రైతునేస్తం కార్యక్రమం జరిగే రోజున మీ రైతువేదికకు (రైతుల సమావేశ భవనానికి) వెళ్లి, అక్కడి ఏఈవోతో ఒక పూట పొలాలకు తిరగమనండి. వీలైతే మీరూ వెళ్లండి.