పంపులో 30 మి.లీ. వస్తే పాలు లేనట్టేనా?

ప్రశ్న: మా పాపకు ఐదు నెలలు నిండాయి. వచ్చే నెల బ్యాంకులో మళ్లీ చేరాలి. తొమ్మిదింటికి వెళ్తే ఆరింటికి వస్తాను. పంపుతో పిండితే రెండు వైపులా కలిపి 30 మి.లీ. దాటడం లేదు. డబ్బా పాలు అలవాటు చేయమని అత్తయ్య అంటున్నారు. – ఒక సోదరి, గుంటూరు

జవాబు: పాప తాగిన వెంటనే పిండితే అంతే వస్తాయి. పాప లాగినంత బాగా పంపు లాగలేదు. బరువు సరిగ్గా పెరుగుతూ, రోజుకు ఆరేడుసార్లు మూత్రం పోస్తుంటే పాలు చాలుతున్నట్టే. అత్తయ్యగారికి బరువు చార్టు చూపించండి.

పంపు గరాటు సైజు చూసుకోండి. చనుమొన గొట్టానికి ఒరుసుకుంటుంటే చిన్నది, చుట్టూ నల్లటి భాగం కూడా లోపలికి పోతుంటే పెద్దది. రెండింట్లోనూ నొప్పే, పాలూ తక్కువే. లాగుడు పెంచితే పాలు పెరగవు, మొనలు పగులుతాయి. ముందు వేడి గుడ్డతో కాపడం పెట్టి, రెండు నిమిషాలు మెల్లగా మర్దన చేస్తే చేపు వస్తుంది.

చేరే రెండు వారాల ముందు నుంచీ, పొద్దున తొలిసారి పాలిచ్చిన గంటకు పిండి దాచండి. ఆఫీసులో మూడు గంటలకోసారి, 15–20 నిమిషాలు. చాలామందికి పాలు తగ్గేది ఇక్కడే: కౌంటర్లో రద్దీ అని ఒక పూట వదిలేస్తారు. రొమ్ము నిండి గట్టిపడితే తయారీ మందగిస్తుంది. రోజూ ఇదే జరిగితే పాలు నిజంగానే తగ్గుతాయి, గడ్డలూ కట్టొచ్చు. రాత్రి పాలు మాన్పించకండి, పాలు ఊరించే ప్రొలాక్టిన్ రాత్రిళ్లే ఎక్కువ.

మీరు లేని తొమ్మిది గంటలకు సుమారు 270–300 మి.లీ. కావాలి. 60–90 మి.లీ. చొప్పున మూతగిన్నెల్లో, తేదీ రాసి పెట్టండి. 25 డిగ్రీల లోపు గదిలో నాలుగు గంటలు ఉంటాయి గానీ గుంటూరు ఎండల్లో ఆ లెక్క నమ్మొద్దు. ఐస్‌ప్యాకుల బ్యాగులో 24 గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు. తలుపు అరలో కాదు, లోపలి వైపు. మీగడ తేలితే విరిగినట్టు కాదు, గిన్నెను మెల్లగా తిప్పితే కలుస్తుంది. స్టవ్ మీద కాచకుండా గిన్నెను వేడినీళ్లలో ఉంచి, ఉగ్గుగిన్నెతో పట్టండి. తాగగా మిగిలినవి రెండు గంటలు దాటితే పారబోయాల్సిందే.

ప్రశ్న: మా కంపెనీలో 60 మంది ఉద్యోగులున్నాం. బాలింతల కోసం ఏం ఏర్పాటు చేయాలి? – ఒక హెచ్‌ఆర్ మేనేజర్, హైదరాబాద్

జవాబు: 50 మంది ఉంటే శిశు సంరక్షణ కేంద్రం తప్పనిసరి, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లి రావచ్చు. బిడ్డకు 15 నెలలు నిండేదాకా, మామూలు విరామం కాక, పాలిచ్చేందుకు రోజూ రెండు విరామాలు ఇవ్వాలి. వీటితోపాటు లోపల గడియ ఉన్న చిన్న గది, కుర్చీ, ప్లగ్ పాయింటు, చిన్న ఫ్రిజ్, దగ్గర్లో కుళాయి సమకూర్చండి. బాత్రూమ్‌లో పిండుకోమనడం మాత్రం వద్దు.